పదివేల లీటర్ల గోరువెచ్చని నీళ్ళు

ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి కొత్తగా ఉద్యోగాల్లోకి వస్తున్న పిల్లలకు నేను నేర్పగలిగిన లెక్కల్లో అన్నిటికంటే చిన్నది నీళ్ళు కాచే లెక్క. ఎన్ని నీళ్ళు, ఎన్ని డిగ్రీలు, ఎంతసేపట్లో అన్న మూడు సంగతులూ తెలిస్తే చాలు, ఎంత పవరున్న హీటరు కావాలో రెండు వరుసల్లో తేలిపోతుంది. నా ఉద్యోగ జీవితం మొత్తంలో నన్ను నలుగురిలో నిలబెట్టి ఏడిపించింది కూడా ఆ చిన్న లెక్కే. ఏడిపించిందని మాటవరసకు అనడం లేదు. నిజంగానే కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారాయి. ఎందుకో చెప్తాను.

నా సర్వీసులో ఎక్కువ భాగం సిమెంటు ఫ్యాక్టరీ కాలనీల్లోనే గడిచింది. చివరి కొన్నేళ్ళు మాత్రం జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వైపు పోయే దారిలో ఉన్న ఒక ప్రకృతి చికిత్స ఆసుపత్రిలో పనిచేశాను. కొన్ని గదులు, ఒక మామిడితోట, యోగా చేసుకోవడానికి ఒక హాలు, ఉప్పూ కారం కనబడని వంటగది, ఇదీ ఆసుపత్రి. మోటార్లు, గీజర్లు, లైట్లు, జనరేటరు అన్నీ నా కింద ఉండేవి. డాక్టరు దగ్గర్నుంచి ఆయాల దాకా ఎవరికీ నా పేరుతో పని పడలేదు. అందరికీ నేను కరెంటు మేడమ్‌నే.

అక్కడి పెద్ద డాక్టరు గారు మెత్తటి మనిషి. ఏ జబ్బుతో వచ్చినవాళ్ళకైనా ముందు బూడిదగుమ్మడి రసం రాసేవారు. రోగి తుమ్మినా, దగ్గినా, వంటవాడి మీద కేకలేసినా, "మంచిదే, శరీరంలోని మలినాలు బయటికి పోతున్నాయి" అనేవారు. ఆ మాట మనస్ఫూర్తిగా నమ్మి అనేవారు కాబట్టి ఎవరికీ ఎదురు చెప్పబుద్ధయ్యేది కాదు.

ఆసుపత్రిని నడిపే ట్రస్టుకు సెక్రటరీ గారు నందిగామ దగ్గరి రైతు. మిరప, పత్తి వేసేవారు. మంచివాడు, చేతికి ఎముక లేదు. ఒకటే ఇబ్బంది. ఎదుటివాళ్ళు ఏ అంకె చెప్పినా ఆయన దాన్ని అంకెగా తీసుకోరు, బేరం అక్కణ్ణుంచి మొదలవుతుందనుకుంటారు. జ్వరం నూటరెండు ఉందని నర్సు చెప్పినా, "నూట ఒకటి వేసుకోమ్మా" అనగలిగిన మనిషి.

మోకాళ్ళ నొప్పులవాళ్ళకూ నడుము పట్టేసినవాళ్ళకూ గోరువెచ్చని నీళ్ళలో నడిపించే తొట్టి కట్టించాలని డాక్టరు గారికి చాలాకాలంగా కోరిక. నీళ్ళలో ఒళ్ళు తేలికవుతుంది, వెచ్చదనానికి కీళ్ళు వదులవుతాయి. ఈ కోరిక తీర్చడానికి ఒక దాత దొరికాడు. సిమెంటు లారీ తోలుతూ మొదలుపెట్టి, సొంతంగా లారీలు కొని, ఇప్పుడు ఆ రోడ్డు మీద పోయే బళ్ళలో సగం ఆయనవే అనిపించుకున్న ఆసామి. మనిషి భారీగా ఉంటాడు. నడుము మాత్రం స్టీరింగు దగ్గర కూర్చున్న రోజుల్లోనే పోయింది. వాళ్ళమ్మ పేరు మీద తొట్టి కట్టిస్తానన్నాడు. ఒకటే షరతు పెట్టాడు. ప్రారంభం రోజున ముందు తనే దిగుతాడు.

తొట్టి కోసం ఆయనకంటే ఆత్రంగా ఎదురుచూసిన మనిషి ఇంకొకరున్నారు. నందిగామలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన పెద్దావిడ. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషన్ చేయించుకోనని భీష్మించుకుని వచ్చి మా దగ్గర చేరారు. వాకర్ పట్టుకుని తొట్టి దగ్గరకు రోజూ వచ్చేవారు. నేను పైపుల దగ్గర కూర్చుని ఉంటే వెనకనుంచి గొంతు వినబడేది.

"ఎంతవరకు వచ్చింది?"

"అవుతోందండి, ఇంకో వారం."

"పోయిన వారం కూడా ఇదే చెప్పావు. అబ్సెంటయిన పిల్లలు చెప్పినట్టు చెప్తావేంటమ్మాయ్?"

రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ నన్ను అమ్మాయ్ అన్న మనిషి ఆ ఆసుపత్రిలో ఆవిడ ఒక్కరే. ఆ పిలుపు కోసమైనా పని తొందరగా పూర్తి చేయాలనిపించేది.

తొట్టి కట్టడం అయ్యాక లెక్క నా దగ్గరకొచ్చింది. పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఓపిక పట్టండి. వెయ్యి లీటర్ల నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే ఒక యూనిట్ మీద మరికాస్త కరెంటు పడుతుంది. మా తొట్టిలో పదివేల లీటర్లు. జనవరి చలికి పైట్యాంకు నీళ్ళు ఇరవై మూడు డిగ్రీల దగ్గరుంటాయి. డాక్టరు గారికి కావలసింది ముప్ఫై ఆరు. అంటే పదమూడు డిగ్రీలు పెంచాలి. పది పదమూళ్ళు నూటముప్ఫై, ఆ మరికాస్త కూడా కలిపితే నూటయాభై యూనిట్లు. ఒక కిలోవాట్ హీటరు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. రాత్రి భోజనాలయ్యాక వేస్తే తెల్లారేసరికి, అంటే ఎనిమిది గంటల్లో కాగాలంటే, పంతొమ్మిది కిలోవాట్లు. గాలికి పోయే వేడి కూడా చూసుకుని ఇరవై నాలుగు అనుకున్నాను. ఆ మాటే సెక్రటరీ గారి ముందు పెట్టాను. పక్కనే డాక్టరు గారు కూడా ఉన్నారు.

సెక్రటరీ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఇరవై నాలుగు ఎందుకమ్మా? పది చేసుకోండి."

"చేసుకోవడానికి ఇది బేరం కాదండి, లెక్క."

"లెక్కయితే మాత్రం, మనిషి వేసిందేగా. మా ఇంట్లో గీజరు రెండు కిలోవాట్లు. బకెట్టు పెట్టేలోపు పొగలు కక్కుద్ది."

"అది బకెట్టండి. ఇది పదివేల లీటర్లు."

"పోనీ పన్నెండు. నా మాట కాదనకండి."

ఆయన పన్నెండు దగ్గర ఆగడానికి కారణం ఉంది. ఆసుపత్రి కనెక్షన్‌లో మిగతా వాడకం పోను అంతకు మించి చోటు లేదు. లోడు పెంచాలంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు రావాలి. అది నెలల మీద పని. ప్రారంభం రోజు చూస్తే అప్పటికే అందరికీ చెప్పేశారు.

"నీళ్ళు తగ్గించండి, తగ్గిస్తా" అన్నాను.

డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. "నీళ్ళు తగ్గితే నడుము దాకా మునగరమ్మా."

"అయితే వేడి తగ్గించండి."

"ముప్ఫై ఆరుకు తగ్గితే అది చికిత్స కాదు. ఈత."

"అయితే ఎక్కువ టైమివ్వండి. పన్నెండుతోనే కాస్తా."

సెక్రటరీ గారు ముందుకు వంగారు. "ఆగండాగండి. టైమిస్తే కిలోవాట్లు తగ్గుతాయా? ఆ మాట ముందే చెప్పొచ్చుగా! ముందురోజు పొద్దున్నించే పెట్టుకుందాం. టైముకేం తక్కువ మనకి?"

"కానీ ఎక్కువసేపు కాస్తే అంతసేపూ పైనించి వేడి పోతూనే ఉంటుందండి."

"పోతే పోనియ్యండి. ఉండేది ఉంటది."

బేరం ముగిసినట్టు లేచి నమస్కారం పెట్టారు. పన్నెండు కిలోవాట్లే ఖాయమయ్యాయి.

హీటర్లను తొట్టిలో పెట్టలేదు. పక్కన ఒక స్టీలు డ్రమ్ములో బిగించి, చిన్న మోటారుతో నీళ్ళు డ్రమ్ములోంచి తొట్టిలోకి, తొట్టిలోంచి డ్రమ్ములోకి తిరిగేలా చేశాను. గట్టిగా ఎర్తు వేయించాను. నీళ్ళలోకి కరెంటు ఏ కొంచెం లీకయినా తనంతట తానే పడిపోయి కరెంటు ఆపేసే బ్రేకరు పెట్టాను. నా చేతి కింద పనిచేసిన చోట ఒక్క మనిషికి కూడా షాకు కొట్టలేదన్నది నాకున్న ఒకే ఒక్క గర్వం. నగలూ నాణేలూ లేవు గానీ ఆ పేరు మాత్రం ఉంది.

ప్రారంభానికి రెండు రోజుల ముందు పొద్దున్నే హీటర్లు వేశాం. సాయంత్రానికి ఇరవై తొమ్మిది వచ్చింది. సెక్రటరీ గారు గర్వంగా నా వైపు చూశారు. మర్నాడు ఉదయం వెళ్ళి చూస్తే ముప్ఫై ఒకటి. మధ్యాహ్నానికీ ముప్ఫై ఒకటే. అక్కడికొచ్చి కూర్చుంది, లేవదు.

కారణాలు కనబడుతూనే ఉన్నాయి. తొట్టి చుట్టూ గోడల బదులు జాలీలు కట్టారు. కృష్ణ మీదనించి వచ్చే చలిగాలి ఒక జాలీలోంచి వచ్చి, నీళ్ళమీద తిరిగి, వేడి పట్టుకుని ఇంకో జాలీలోంచి వెళ్ళిపోతోంది. దానికి తోడు ఓల్టేజీ. పేరుకు పన్నెండు కిలోవాట్లే గానీ, ఓల్టేజీ తగ్గితే హీటరు ఇచ్చే వేడి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. నిజంగా వస్తున్నది తొమ్మిది కూడా ఉండదు. లోపలికి ఎంత పోస్తున్నామో దాదాపు అంతా పైనించి ఆవిరై పోతోంది.

"లెక్క తప్పిందా అమ్మా?" అన్నారు సెక్రటరీ గారు, బాధగానే.

నేను జవాబు చెప్పేలోపు వెనకనించి హెడ్మిస్ట్రెస్ గారి గొంతు వినబడింది. "లెక్క తప్పలేదు. ప్రశ్న మార్చారు. నేను ఆ రోజు వరండాలో కూర్చుని అంతా విన్నా."

"మూత కావాలండి" అన్నాను. "తొట్టి మొత్తం కప్పేలా మందపాటి ప్లాస్టిక్ షీటు. మూతేస్తే రేపు పొద్దుటికి ముప్ఫై ఆరొస్తుంది. పూచీ నాది. కానీ అలాంటి షీటు విజయవాడలో తప్ప దొరకదు."

"విజయవాడ ఎందుకు, నేను లేనా!" అన్నారు సెక్రటరీ గారు. బండి తీసుకుని నందిగామ వైపు వెళ్ళిపోయారు.

సాయంత్రం ఒక ట్రక్కు ఆటో వచ్చి ఆగింది. అందులో మడతలు పెట్టిన పెద్ద పెద్ద టార్పాలిన్ పట్టాలు ఉన్నాయి. దించుతున్న వాచ్‌మన్ వరసగా తుమ్మడం మొదలుపెట్టాడు.

"ఇవెక్కడివండీ?" అన్నాను.

"మా కల్లంలోవి. మొదటి కోత మిరపకాయ ఎండబోసింది వీటిమీదే. శుభ్రంగా దులిపే తెచ్చా. రెండు సార్లు దులిపించా."

నిజానికి ఆయన దులిపించారు. మా వాచ్‌మన్ కూడా మామిడిచెట్టుకు వేసి కొట్టాడు. ఆ ఘాటుకు వార్డుల్లోంచి రోగులు ఒక్కొక్కరే వరండాలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళంతా వారాల తరబడి ఉప్పులేని సొరకాయ కూర తింటున్న జనం. పరిటాల నుంచి వచ్చిన ఒకాయన కళ్ళు మూసుకుని గట్టిగా గాలి పీల్చి, "ఎన్నాళ్ళయింది" అన్నాడు. డాక్టరు గారు అందరినీ లోపలికి పంపించేశారు.

పట్టాలు కప్పాం. మధ్యలో జారి నీళ్ళకు తగిలాయి. తగిలితే ఇంకా మంచిదే, మధ్యలో గాలి ఉండదు అనుకున్నాను. మడతల సందుల్లో ఇరుక్కున్న కాయలూ గింజలూ, ఆ గుడ్డకు పట్టిన పొడీ తెల్లవార్లూ వేడి ఆవిరికి నాని నీళ్ళలోకి దిగుతాయని మా ఎవ్వరికీ తట్టలేదు. నేను చూసుకున్నది థర్మామీటరు ఒక్కటే.

తెల్లారి వచ్చేసరికి థర్మామీటరు ముప్ఫై ఆరు చూపిస్తోంది. ఖచ్చితంగా ముప్ఫై ఆరు. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఫ్యాక్టరీలో ఎంతెంతో పెద్ద మోటార్లు తిప్పాను గానీ, ఆ చిన్న అంకె ఇచ్చినంత ఆనందం ఏదీ ఇవ్వలేదు. పనివాళ్ళు పట్టాలు తీసి చుట్ట చుట్టి పట్టుకెళ్ళారు. పూలవాళ్ళు వచ్చి నీళ్ళనిండా బంతిపూల రెక్కలు చల్లారు. మూలల్లో సాంబ్రాణి వేశారు. ఇక ఘాటైనా గింజలైనా ఎవరికి కనబడతాయి?

జనం బాగానే వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తుమ్ముతున్నారు. డాక్టరు గారు మైకు తీసుకుని, "చూశారా, దగ్గర నిలబడితేనే మలినాలు బయటికి పోతున్నాయి" అన్నారు. ఆయన కూడా తుమ్మారు.

లారీల ఆసామి నిక్కరూ బనీనూ వేసుకుని, భుజాన తువ్వాలుతో మెట్లు దిగాడు. నడుము దాకా మునిగేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన భార్య ఫోనులో వీడియో తీస్తోంది.

"వేడి ఎట్లా ఉందండీ?" అని డాక్టరు గారు మైకులోనే అడిగారు.

"బాగుందండి" అన్నాడాయన. కాసేపాగి, "బాగా ఉందండి" అన్నాడు. ఇంకాసేపటికి ముఖం కందగడ్డలా అయింది. "ఇంత ఉండాల్నా అండీ?"

"ఉండాలండి. ఇప్పుడే కీళ్ళు తెరుచుకుంటాయి."

ఈలోపు హెడ్మిస్ట్రెస్ గారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా రెండో మెట్టు మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు నీళ్ళలో పెట్టేశారు. ప్రారంభోత్సవం అయ్యేదాకా ఆగే ఓపిక ఆవిడకు లేదు.

ఉన్నట్టుండి లారీల ఆసామి నీళ్ళలోంచి ఎగిరాడు. అంత భారీ మనిషి అంత ఎత్తు ఎగరడం నేను మళ్ళీ చూడలేదు. "షాకు! షాకు కొడుతోంది! కరెంటు ఆపండ్రోయ్!" అని అరుస్తూ మెట్ల మీదికి పాక్కుంటూ వచ్చాడు.

ఒక్కసారిగా గోల. మైకు కింద పడింది. నేను పరిగెత్తి మెయిన్ ఆపేశాను. లైట్లు, మోటారు, మైకు అన్నీ ఆగిపోయాయి. లీకేజీ బ్రేకరు చూస్తే అది పడలేదు. నిక్షేపంలా పైనే ఉంది.

"ఆపేశానండీ, మొత్తం ఆపేశా" అన్నాను.

"ఆపినా కొడుతోందమ్మా! ఒళ్ళంతా కొడుతోంది! ఏం పెట్టావే తల్లీ అందులో?"

అందరూ నా వైపు తిరిగారు. సెక్రటరీ గారు కూడా. అన్నేళ్ళ సర్వీసు అంతా ఆ ఒక్క నిమిషంలో కళ్ళ ముందు తిరిగింది. మెయిన్ ఆపాక షాకు ఎలా కొడుతుందని ఎవ్వరూ ఆలోచించడం లేదు. నిజం చెప్పాలంటే నేనూ ఇంకోసారి మెయిన్ వైపు చూశాను.

"ఎవరూ కంగారు పడొద్దు!" అన్న గొంతు విని అందరం ఆగిపోయాం. హెడ్మిస్ట్రెస్ గారు కదలకుండా మెట్టు మీదే కూర్చుని ఉన్నారు. "నాకు షాకేం కొట్టట్లేదు. మోకాళ్ళు మాత్రం చురచురమంటున్నాయి. అమ్మాయ్, ఇటొచ్చి నువ్వే చూడు."

వెళ్ళి మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టాను. షాకు లేదు. ఉండదని తెలుసు. చెయ్యి పైకి తీసి, హమ్మయ్య అనుకుని, ముఖానికి పట్టిన చెమట ఆ చేత్తోనే తుడుచుకున్నాను.

నా కళ్ళు రెండూ భగ్గుమన్నాయి. ధారగా నీళ్ళు. ముక్కు కారుతోంది. ఊపిరి ఆడలేదు. ఏడుస్తోందనుకుని ఎవరో నా భుజం తట్టి, "పోన్లేమ్మా, పొరపాటు అందరికీ జరుగుద్ది" అన్నారు. పెదవి మీదికి జారిన చుక్క నాలుకకు తగిలింది.

"కారం!" అన్నాను. "కరెంటు కాదండీ, కారం! నీళ్ళలో మిరపకారం దిగింది!"

జనం అంతా మెల్లగా సెక్రటరీ గారి వైపు తిరిగారు.

"రెండు సార్లు దులిపించానే" అన్నారాయన, నీళ్ళలోకి చూస్తూ.

లారీల ఆసామిని కుళాయి కిందికి తీసుకెళ్ళారు. నీళ్ళు పోస్తే మంట ఇంకా పెరిగింది. ఆఖరికి వంటగదిలో మధ్యాహ్నానికి దాచిన మజ్జిగంతా గిన్నెలతో తెచ్చి ఆయన ఒంటిమీద గుమ్మరించారు. మజ్జిగ స్నానం కూడా ప్రకృతి చికిత్సలో ఉన్నదేనని డాక్టరు గారు చెప్పారు. నాకూ ఒక గిన్నెడు ఇచ్చారు. కళ్ళకు గుడ్డ చుట్టుకుని కూర్చున్నాను.

మజ్జిగ పని చేసింది. సాయంత్రానికి మంటలు తగ్గాయి. తగ్గని చిక్కులు రెండు మిగిలాయి. మొదటిది హెడ్మిస్ట్రెస్ గారి మోకాళ్ళు. ఆ రాత్రి భోజనాల గదికి ఆవిడ వాకర్ లేకుండా నడిచి వచ్చారు. మిరపకారం కలిపిన నొప్పి మందులు బజారులో ఉన్నాయని తర్వాత డాక్టరు గారే ఒప్పుకున్నారు. ఆ రోజు మాత్రం తల పట్టుకున్నారు.

"రేపు కూడా అవే నీళ్ళు కావాలి" అన్నారు ఆవిడ.

"అమ్మా, అది చికిత్స కాదు, ప్రమాదం."

"మీ చికిత్స మూడు వారాలు చేయించుకున్నా. ఈ ప్రమాదం గంటలో పని చేసింది."

రెండో చిక్కు నాది. లారీల ఆసామి బయటికెళ్ళి నిజం చెప్పలేదు. కారానికి అంతెత్తు ఎగిరానంటే ఆ రోడ్డు మీద ఆయన పరువేం కావాలి? షాకు కొట్టిందనే చెప్పుకున్నాడు. షాకు కొట్టినా బతికి బయటపడ్డ మగాడిగా పేరొచ్చింది. రెండు రోజుల్లో జగ్గయ్యపేట బస్టాండు దాకా పాకింది, తొట్టిలో కరెంటు వస్తోందట అని. కూరగాయలమ్మే ఆవిడ కూడా నన్నడిగింది, "అది నువ్వు పెట్టిందేనంట కదమ్మా?" అని. నాకు రాత్రి అన్నం సహించలేదు.

సెక్రటరీ గారు మాత్రం తప్పు తన మీదే వేసుకున్నారు. "పట్టా నాది. తిట్టదలుచుకుంటే తిట్టండి" అన్నారు. తిట్టడానికి మనసొప్పలేదు. తొట్టి ఖాళీ చేసి కడగడానికి వచ్చిన పనివాళ్ళతో పాటు పంచె పైకి కట్టి, బ్రష్షు పట్టుకుని తొట్టిలోకి దిగి, సబ్బునీళ్ళతో మూలమూలా రుద్దారు. ఆ కారపు నీళ్ళు తోట పక్కనున్న కూరగాయల మళ్ళలోకి వదిలాం. ఆ ఏడాది బెండ మొక్కలకు పురుగు పట్టలేదు. విజయవాడకు మనిషిని పంపి అసలు షీటు తెప్పించారు. కొత్త షీటు. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాసన చూశాను.

మళ్ళీ నీళ్ళు నింపి, షీటు కప్పి, పొద్దున్నే హీటర్లు వేశాం. మర్నాటి ఉదయానికి ముప్ఫై ఆరు. అవే పన్నెండు కిలోవాట్లు. ఈ సంగతి నేనే చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. నేనడిగిన ఇరవై నాలుగు అక్కర్లేకపోయింది. ఎంత వేడి పోయాలన్న లెక్కే నేను గట్టిగా వేశాను. ఎంత పోకుండా ఆపొచ్చన్న లెక్క వెయ్యలేదు. మీరు రెండూ వేయండి.

నీళ్ళు సిద్ధమే గానీ దిగే మనిషి లేడు. రోగులంతా జాలీల అవతల నిలబడ్డారు. పరిటాల ఆయన, "ముందు ఎవరన్నా దిగితే చూసి దిగుతా" అన్నాడు. లారీల ఆసామి కూడా వచ్చాడు గానీ తొట్టికి చాలా దూరంలో కుర్చీ వేయించుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు, "మీరంతా తప్పుకోండి, నేను దిగుతా" అని బయలుదేరారు. డాక్టరు గారు అడ్డం వచ్చారు.

"మీ మోకాళ్ళతో ప్రయోగాలు చెయ్యనమ్మా. సిబ్బందిలో ఎవరైనా ముందు దిగాలి."

సిబ్బంది అంతా తలో అడుగు వెనక్కి వేశారు.

"నేను దిగుతా" అన్నాను.

సెక్రటరీ గారు మెయిన్ వైపు నడవబోయారు. "ఆగమ్మా, కరెంటు ఆపి..."

"ఆపొద్దండి. ఆపితే నేను దిగి ఉపయోగం లేదు. హీటర్లు నడుస్తుండగానే దిగుతా. అందరూ చూడండి."

ఆయాల గదిలోకెళ్ళి పాత చుడీదారు వేసుకుని వచ్చాను. నలుగురి ముందు నీళ్ళలోకి దిగడం నా జన్మలో అదే మొదలు. సిగ్గుతో తల ఎత్తలేదు. ఒక మెట్టు దిగాను. ఇంకో మెట్టు. మోకాళ్ళు, నడుము. తర్వాత నెమ్మదిగా మెడ దాకా కూర్చుండిపోయాను.

పిల్లలూ, నేను నా జీవితమంతా నీళ్ళు వేడి చేశాను. కాలనీలో అందరి గీజర్లూ బాగుచేశాను. గెస్ట్‌హౌసులో పెద్దవాళ్ళ స్నానాలకు బాయిలర్లు సర్దాను. నేను మాత్రం పొద్దున్నే డ్యూటీకి పరుగు కాబట్టి రెండు చెంబులు చన్నీళ్ళు పోసుకుని వచ్చేసేదాన్ని. మెడ దాకా గోరువెచ్చని నీళ్ళలో కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు నిజంగా తెలీదు. నిచ్చెనలు ఎక్కీ, మోటార్ల మీద వంగీ పట్టేసిన నడుము ఉందని కూడా మర్చిపోయాను. అది ఒక్కో ముడీ విప్పుకుంటూ వదులవుతోంది. ముప్ఫై ఆరు అంటే అంకె అనుకున్నాను ఇన్నాళ్ళూ. కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి.

"ఎట్టా ఉందమ్మా?" అన్న మాట ఎక్కడో వినబడింది. జవాబు చెప్పాలని తోచలేదు.

"కరెంటు మేడమ్! పలకట్లేదేంది?"

"కళ్ళు మూసింది!"

"అయిపోయిందండీ! మెయిన్! మెయిన్ ఆపండి!" సెక్రటరీ గారి చెప్పుల చప్పుడు బోర్డు వైపు పరిగెత్తింది.

"ఆగండి!" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. "ఆవిడ నవ్వుతోంది. సరిగ్గా చూడండి."

కళ్ళు తెరిచాను. జాలీలోంచి రోగులంతా తొంగి చూస్తున్నారు. డాక్టరు గారి చేతిలో మజ్జిగ గిన్నె ఉంది. సెక్రటరీ గారి చెయ్యి స్విచ్చు మీద ఉంది. అందరికీ అభయం ఇవ్వాల్సిన మనిషిని నేను. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఒక్కటే.

"ఇంకాసేపు ఉండనివ్వండి."

పరిటాల ఆయన పకపకా నవ్వాడు. దూరంగా కుర్చీలో ఉన్న లారీల ఆసామి లేచి చెప్పులు విప్పుతున్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు ఎవరి అనుమతీ అడగలేదు. రెయిలింగు పట్టుకుని ఒక మెట్టు దిగారు, ఇంకో మెట్టుకు రెయిలింగు వదిలేశారు. నడుము దాకా నీళ్ళలోకి వచ్చి నా ముందు నిలబడ్డారు.

"నీ పీరియడ్ అయిపోయిందమ్మాయ్. లే."

నేను లేవలేదు. కాస్త పక్కకు జరిగి చోటిచ్చాను.